ఏడో ఫుట్‌నోట్

డిపార్ట్‌మెంట్ పెద్దాయన మొదట ఒక ఫోటోను, తర్వాత ఒక పెన్నును టేబుల్ మీద ఇవతలికి తోశాడు.

"ఫోటో చదువు. పెన్ను మాత్రం జాగ్రత్త. అది రాయదు, పొడుస్తుంది. సాయంత్రంలోగా నెమలి పని అయిపోవాలి."

తాళం ఫోటో అందుకున్నాడు, పెన్ను ముట్టుకోలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్క రహస్యాన్నీ పెదవి దాటనివ్వలేదని డిపార్ట్‌మెంట్ అతనికి ఆ పేరు తగిలించింది. ఇంట్లో భార్య చెప్పే కారణం వేరు. ఎన్నిసార్లు తట్టినా తెరుచుకోడట.

ఫోటోలో ఉన్నది కొత్తగా టైపు చేసిన ఒక స్పెసిఫికేషన్ షీట్ మొదటి పేజీ. హైస్పీడ్ అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్. పన్నెండు బిట్లు, సెకనుకు వెయ్యి కోట్ల శాంపిళ్లు. గాలిలో వచ్చే అలను కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెలుగా మార్చే గోరంత చిప్. వచ్చే నెల నుంచి సరిహద్దు రాడార్లన్నిటికీ కళ్లు అవే. ఆ చిప్ తయారయ్యే ల్యాబ్ సెక్యూరిటీ ఆరు నెలలుగా తాళం చేతుల్లో ఉంది.

"ఏడో ఫుట్‌నోట్ చూడు" అన్నాడు పెద్దాయన.

"మూడు వందల ముప్పై ఎనిమిది" అని చదివి తాళం ఆగిపోయాడు. అది నిజమైన అంకె.

ఒక్క కన్వర్టర్ అంత వేగంగా పని చెయ్యలేదు. అందుకే చిప్ లోపల ఎనిమిది చిన్న కన్వర్టర్లు వంతులు వేసుకుంటాయి, బావి దగ్గర ఎనిమిది మంది వరసగా చేద వేసినట్టు. డిజైన్‌లో ఎక్కడో చిన్న పొరపాటు జరిగి, అయిదోవాడు ప్రతిసారీ రవ్వంత ఆలస్యంగా వస్తాడు. ఎంత ఆలస్యమో చెప్పే అంకె ఆ ఫుట్‌నోట్‌లో ఉంటుంది. ఆ ఆలస్యం వల్ల తెర మీద లేని విమానం ఉన్నట్టు కనిపిస్తుంది. రాడార్ ఆ దెయ్యాన్ని గుర్తుపట్టి చెరిపేస్తుంది. అంకె తెలిసిన శత్రువు తన నిజమైన విమానానికి సరిగ్గా ఆ దెయ్యం వేషం కట్టి పంపితే, రాడార్ దాన్నీ చెరిపేస్తుంది. ఇళ్ల మీద బాంబు పడేదాకా కింద ఎవరికీ తెలియదు.

"నువ్వు ల్యాబ్‌లో అయిదుగురికి అయిదు ఎర కాపీలు ఇచ్చావు" పెద్దాయన వేళ్లు లెక్కపెట్టాడు. "ఒక్కోదాంట్లో ఒక్కో తప్పు అంకె. దొంగ కాగితం చదవడు, ఫోటో తీస్తాడు. ఏ తప్పు అంకె బయటికొస్తే ఆ కాపీ వాడే దొంగ. ప్లాన్ నీదే. బావుంది. కానీ వచ్చింది తప్పు అంకె కాదే!"

"కొలిచే ఇంజనీర్లకి కూడా ఇది తెలీదు సార్. మెషీన్ దీన్ని తెర మీద చూపించదు. సీల్ చేసిన ఫైల్లోకి పంపేస్తుంది."

"అదే నేనూ అంటున్నా. తెలిసింది ముగ్గురికి. డైరెక్టర్ పది రోజులుగా ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. నన్ను నేను అనుమానించుకోను. నిన్ను అనుమానించడం నాకు ఇష్టం లేదు. ఇక అసలు కాపీ ఉన్న వాల్ట్ రూమ్‌లోకి నీ వెంట వచ్చింది నెమలి ఒక్కతే. గొడుగు ముఠా లోపల మన మనిషి అనుకున్నాం. అసలు కాగితం వాళ్లకి అమ్మేసి, పతివ్రతలా దాని ఫోటో మనకి పంపింది."

గొడుగు ముఠా అంటే విదేశీ నెట్‌వర్క్. ఎండాకాలంలో కూడా గొడుగు పట్టుకు తిరుగుతారని ఆ పేరు. ఏడేళ్ల కిందట నెమలిని అందులోకి ప్రవేశపెట్టింది తాళమే. అప్పట్లో ఆమెకు ఒక మాట ఇచ్చాడు: నీకేం జరిగినా ముందు నన్ను దాటాలి.

ఇప్పుడు అతనేమీ అనలేదు. పెన్ను జేబులో పెట్టుకుని, పక్క బల్ల మీది లంచ్ క్యారేజీ తీసుకుని లేచాడు.

"ప్రళయం వచ్చినా అది మాత్రం మర్చిపోవు" అన్నాడు పెద్దాయన.

క్యారేజీ మాటకొస్తే ఈ మధ్య అడుగు గిన్నెలో తిండి తగ్గింది. కోత పెట్టావా అని తాళం మొన్ననే భార్యను ఆటపట్టించాడు. "ఎప్పుడూ వండినంతే వండుతున్నా, మీకే ఆకలి పెరిగింది" అని ఆమె మూతి విరిచింది.

*

మధ్యాహ్నం పన్నెండు. మెషీన్లలో బట్టలు ఉతికే ఒక లాండ్రీ షాపు. తాళం మాసిన బట్టల సంచీతో, మూడు రోజుల గడ్డంతో వెళ్లాడు. గడ్డం అతికించుకున్నది, బట్టలు నిజంగానే మాసినవి.

ఆరో మెషీన్ ముందు నెమలి కూర్చుని ఉంది. నలభై దాటినా వీధిలో నడిస్తే సైకిళ్లు స్తంభాలకు గుద్దుకుంటాయి. మెడకు ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్.

"వాన వచ్చేలా ఉందండీ."

"గొడుగు ఇంట్లోనే మర్చిపోయాను."

కోడ్ సరిపోయింది. ఆమె అతని జేబు వైపు చూసింది.

"ఆ పెన్ను నాకోసమేనా?"

తాళం జేబు మీద చెయ్యి కప్పాడు.

"పెద్దాయన చెప్పారు సరే. మీరేమన్నారు?"

"ఏమీ అన్లేదు."

"అదీ నా బాధ" అంది నెమలి. గొంతు పెంచలేదు. "ఏడేళ్లు తోడేళ్ల మధ్య పడుకున్నా. ఏ రాత్రీ భయపడలేదు, వెనక మీరున్నారని. ఇవాళ ఒక్క మాట అడ్డు వెయ్యలేకపోయారా?"

తాళానికి తల దించుకోక తప్పలేదు. సిగ్గుగా ఉంది. సిగ్గును పనిలో దాచుకోవడం అతనికి అలవాటు.

"నీ ఫోటోలో మొదటి పేజీయే ఉంది. రెండోది ఏదీ?"

"రెండో ఫ్రేమ్ పంపేలోపే మీ వాళ్లు నా లైన్ కట్ చేశారు. చూసుకోండి."

లిప్‌స్టిక్ గొట్టం అతని చేతిలో పెట్టింది. అడుగున కటకం, లోపల ఫిల్మ్. వెలుతురు వైపు తిప్పి కన్ను ఆనించాడు. టేబుళ్లు, గ్రాఫులు, చివర ఒక్క లైను.

*గమనిక: చిప్‌నూ సిగ్నల్ జెనరేటర్‌నూ ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చాకే కొలవాలి. చల్లగా ఉండగా తీసిన రీడింగ్ రీడింగే కాదు.*

ఈ లైను అయిదు ఎర కాపీల్లో లేదు. వాల్ట్‌లోని అసలు కాపీలోనూ లేదు. కానీ తాళం ఆ మాట వెయ్యిసార్లు విన్నాడు. భార్య చొక్కా ఇస్త్రీ చెయ్యబోతే, "ఇరవై నిమిషాలు వేడెక్కనీ అక్కా, చల్లటి ఇస్త్రీ ఇస్త్రీయే కాదు" అనేవాడొకడు ఇంట్లో ఉన్నాడు. ఆ అయిదు కాపీల్లో ఒకటి వాడి దగ్గరే ఉంది. తప్పు అంకెను దిద్ది, అడగని జాగ్రత్త కూడా చెప్పి మరీ అమ్మగలిగేవాడు ఈ లోకంలో వాడొక్కడే.

చిన్నోడు. భార్యకు తమ్ముడు. తమ పెళ్లయిన మర్నాడు అక్క కొంగు పట్టుకుని వెంట వచ్చేసిన తొమ్మిదేళ్ల పిల్లాడు. సైకిల్ నేర్పింది తాళం, కాలేజీలో చేర్పించింది తాళం, చిప్ ల్యాబ్‌లో కొలిచే ఇంజనీరుగా చేరేటప్పుడు పూచీ సంతకం పెట్టింది కూడా తాళమే. బావమరిది బతక కోరును, దాయాది చావ కోరును అంటారు. పెద్దలు ఎవరి బావమరిదిని చూసి అన్నారో మరి.

అతని మొహం చూసి నెమలికి అర్థమైంది.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు ఈశ్వరుడు కూడా కాదు కదా" అంది, ఈసారి కాస్త మెత్తగా. "మూడింటికి పళ్ల డాక్టరు క్లినిక్ పై అంతస్తు. టోపీ అని, మా ముఠా నాయకుడు వస్తాడు. మీవాడు స్వయంగా వచ్చి శాంపిల్ చిప్ కొలిచి చూపిస్తాడు. అంకె సరిపోతే డేటా మొత్తం డైరెక్ట్ లైన్లో అవతలికి పోతుంది. ఒక్క మీట నొక్కడమే. నేనూ అక్కడే ఉంటా."

"నువ్వు రావద్దు."

"రాకపోతే టోపీకి అనుమానం వస్తుంది. ఇంకో విషయం, నేను వెళ్తున్నది మీ మీద నమ్మకంతో కాదు."

స్కార్ఫ్ సర్దుకుని వెళ్లిపోయింది.

తాళం కారులో కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు.

"చిన్నోడు ఉన్నాడా?"

"సెలవు పెట్టాడండీ. కొత్త చొక్కా వేసుకుని పొద్దున్నే వెళ్లాడు. ఎవరో పిల్లని కలవడానికేనేమో అని ఏడిపించాను కూడా" భార్య నవ్వింది. "ఎంత మంచివాడండీ! నెల రోజుల్నుంచి మీ క్యారేజీ నన్ను ముట్టుకోనివ్వట్లేదు. నువ్వు కూర్చో అక్కా అని రాత్రి వాడే కడుగుతాడు, పొద్దున్న వాడే సర్దుతాడు."

ఫోన్ పెట్టేసి తాళం పక్క సీటు వైపు చూశాడు. క్యారేజీ విప్పి, అడుగు గిన్నె ఖాళీ చేసి, తిరగేసి తిప్పాడు. అడుగు ఊడి వచ్చింది. లోపల నల్లటి స్పాంజి, దాని మీద గోరంత చదరపు అచ్చు.

ల్యాబ్ గేటు దగ్గర అందరి సంచులూ వెతుకుతారు. వెతకనిది ఒక్కరివే. సెక్యూరిటీ చీఫ్ క్యారేజీకి గార్డులు సెల్యూట్ కొడతారు. సాయంత్రాలు బయటికి వచ్చే ముందు చిన్నోడు "ఇటివ్వు బావా, నేను పట్టుకుంటా" అనేవాడు. గేటు రాగానే "నీదే కదా, పట్టుకో" అని తిరిగి ఇచ్చేవాడు. నెల రోజులుగా దేశ రహస్యాలను మోసుకొచ్చిన కొరియర్ మరెవరో కాదు, తానే. తాళం స్టీరింగ్ మీద నుదురు ఆనించి కాసేపు ఉండిపోయాడు. ఇరవై ఏళ్లలో అతను ఏడవడం అదే మొదలు.

తర్వాత పెద్దాయనకు ఫోన్ చేశాడు.

"టీమ్ కావాలి. మూడింటికి. పళ్ల డాక్టరు క్లినిక్ పైన."

"నెమలి?"

"బతికే ఉంది. బతికే ఉంటుంది. ఈ మాట పొద్దున్నే చెప్పాల్సింది."

"అయితే దొంగ ఎవడు?"

తాళం ఊడిన అడుగును గిన్నెకు మళ్లీ బిగించాడు.

"మా చిన్నోడు సార్."

పెద్దాయన ఇంకో ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి మళ్లీ లైన్లోకి వచ్చాడు.

"టీమ్ ఊరికి అవతలి చివర ఉంది. మూడూ ముప్పై అయిదు లోపల రాలేదు. అప్పటిదాకా ఎలాగోలా ఆపు."

*

మూడూ అయిదు. క్లినిక్ వెయిటింగ్ రూమ్‌లో తాళం చెంపకు మఫ్లర్ కట్టుకుని మూలుగుతున్నాడు. మఫ్లర్ కింద చెవిలో ఇయర్‌ఫోన్. పైన నెమలి కోటు గుండీలో మైకు ఉంది.

"ఇదేమైనా వైర్లు లాగే చోటా?" చిన్నోడి గొంతు, విసుగ్గా. "కింద ఆ డ్రిల్లింగ్ మెషీన్ నాయిస్ అంతా కరెంటు సప్లైలోకి వస్తోంది."

"ఎంతసేపు?" అది టోపీ గొంతు.

"స్విచ్ ఇప్పుడే వేశా. ఇరవై నిమిషాలు."

"ఇప్పుడే కొలవచ్చుగా?"

"చల్లటి చిప్ అబద్ధం చెబుతుందండీ. నేను చెప్పను."

ఆ ఆఖరి మాటకు తాళం పళ్లు కొరుక్కున్నాడు. పక్కన కూర్చున్న ముసలావిడ జాలిపడి, "లవంగం పెట్టుకో నాయనా" అంది.

మూడూ పదిహేను. మూడూ పద్దెనిమిది. ఒంటరిగా పైకి వెళితే తలుపు పగిలేలోపే మీట నొక్కేస్తారు. తాళం లేచి బాత్రూమ్ ఎక్కడని అడిగి మెట్ల కిందికి వెళ్లాడు. డిపార్ట్‌మెంట్ అతనికి పొడిచే పెన్ను ఇచ్చింది, వినే గుండీ ఇచ్చింది. ఇప్పుడు పనికొచ్చేది అవేవీ కాదు, మెట్ల కింద దుమ్ము పట్టిన మెయిన్ స్విచ్. మూడూ పంతొమ్మిదికి దాన్ని కిందికి లాగాడు.

డ్రిల్లు ఆగిపోయింది. కుర్చీలోని పేషెంట్ హమ్మయ్య అన్నాడు. ఇయర్‌ఫోన్‌లో టోపీ బూతులు. నర్సు తిట్టుకుంటూ వచ్చి స్విచ్ మళ్లీ పైకి వేసేసరికి మూడు నిమిషాలు గడిచాయి.

"వచ్చింది. కొలువు!" అన్నాడు టోపీ.

"చల్లారిపోయింది. మళ్లీ ఇరవై నిమిషాలు."

"ఏం తమాషాగా ఉందా?" కుర్చీ కిందపడ్డ చప్పుడు. "కరెంటు సరిగ్గా ఇప్పుడే ఎందుకు పోయింది? ఏమ్మా, ఈ చోటు చూపించింది నువ్వే కదూ?"

నెమలి గొంతు తొణకలేదు. "నన్ను అనుమానించడం ఇవాళ ఫ్యాషన్ అయినట్టుంది."

"తుపాకీ అవతల పెట్టండి. బల్ల కదిలిస్తున్నారు" అన్నాడు చిన్నోడు. తలెత్తి చూసి ఉండడు, గొంతే చెబుతోంది.

నర్సు వెళ్లాక తాళం బాత్రూమ్‌లోంచి మళ్లీ మెట్ల కిందికి వచ్చి వాచీ చూసుకున్నాడు. మూడూ ఇరవై తొమ్మిది. ముప్పై ఒకటి. పైన టోపీ ఓపిక నశించింది.

"చాలు. చల్లదో వేడిదో, ఉన్నది పంపెయ్."

"పంపను. తప్పు అంకె కింద నా పేరుండదు."

"నీ పేరు ఎవడిక్కావాలిరా? కాగితంలో అంకె ఉంది, చిప్ ఉంది. జరుగు, నేనే నొక్కుతా!"

చెంపదెబ్బ వినిపించింది. తాళం ఇక టీమ్ కోసం చూడలేదు. స్విచ్‌ను రెండోసారి లాగి, హ్యాండిల్ విరిచి జేబులో వేసుకుని, మూడేసి మెట్లు ఎక్కాడు. తలుపు ఒక్క తాపుకు ఊడింది. చీకటి పడిన తెర ముందు టోపీ చచ్చిన మీటను టకటకా నొక్కుతున్నాడు. తుపాకీ తిప్పేలోపు నెమలి స్కార్ఫ్ అతని మెడకు చుట్టుకుంది, తాళం పెన్ను మణికట్టులో దిగింది. టోపీ గోడ వారన బియ్యం బస్తాలా కూలబడ్డాడు. ప్రాణం పోలేదు, స్పృహే తప్పింది. నెమలికి అనుకున్న మోతాదులో సగమే పడింది.

"వేళకే వచ్చారు" అంది నెమలి. క్షమించినట్టు ఏమీ అనలేదు.

చిన్నోడు బల్ల ముందే నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా, ఎర్రబడ్డ చెంప.

"ఎలా తెలిసింది బావా?"

"నీ కాపీలో అంకె తప్పు. దిద్దావు."

"టైపింగ్ మిస్టేక్ అనుకున్నా."

"అది నేను పెట్టిన ఎర రా. దొంగలా దొంగతనం చెయ్యడం కూడా రాలేదు నీకు." తాళం వాడి ఎర్రబడ్డ చెంప వైపు చూశాడు. "ఎందుకు రా? ఏం తక్కువ చేశాం?"

"అయిదోవాడు ఆలస్యంగా వస్తున్నాడని మొట్టమొదట కనిపెట్టింది నేను బావా. మెషీన్ చూపించకపోతే మూడు నెలలు కూర్చుని చేత్తో కొలిచా. డైరెక్టర్‌కి చెప్తే ఫైల్ లాక్కుని తన పేరు రాసుకున్నాడు. ఆ రోజు నీకు చెబుదామని ఇంటికి పరిగెత్తుకొచ్చా. గుర్తుందా?"

గుర్తుంది. "బావా, ఒకటి కనిపెట్టా" అని వాడు చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు. ఆఫీసు మాటలు గుమ్మం బయటే అని తాళం చెయ్యెత్తాడు. అది అతని రూలు. వాడు మొహం చిన్నబుచ్చుకుని లోపలికి పోయాడు.

"వీళ్లు నా పేరుతో పేపర్ వేస్తామన్నారు."

"వేసేవాళ్లే. ఊళ్లు తగలబడ్డాక" అన్నాడు తాళం. "నీకు అన్యాయం జరిగింది. అది నిజం. దానికి నా చేత్తోనే, మీ అక్క వండిన అన్నం క్యారేజీలోనే దేశాన్ని మోయించావు. నన్ను పెంచిన తండ్రిలా చూస్తావనుకున్నా రా. గాడిదలా చూశావు."

చిన్నోడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అక్కకి చెప్పకు బావా."

మెట్ల మీద బూట్ల చప్పుడు. టీమ్ వచ్చింది. సరిగ్గా మూడూ ముప్పై అయిదు. కింద నర్సు, మెయిన్ స్విచ్ హ్యాండిల్ ఏ వెధవ విరిచాడని అరుస్తోంది.

*

ఆ సాయంత్రం గుమ్మం దగ్గర తాళం తన రూలును తనే తప్పాడు. మొదటి నుంచి చివరి దాకా భార్యకు చెప్పేశాడు. ఆమె వింటున్నంతసేపూ ఖాళీ క్యారేజీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"వాడు భోంచేశాడా?"

తప్పు తమ్ముడిదని ఆమెకు తెలుసు. భర్త వేరే ఏం చెయ్యగలడనీ తెలుసు. అయినా ఆ రాత్రి ఆమె మొహం గోడ వైపే ఉంది. ఇద్దరి మధ్యలో పంతొమ్మిదేళ్లుగా పెంచిన పిల్లాడి జ్ఞాపకాలు అడ్డంగా పడుకున్నాయి.

కొన్ని వారాల తర్వాత ల్యాబ్ వాళ్లు ఫైనల్ స్పెసిఫికేషన్ షీట్ ప్రింట్ చేశారు. అయిదోవాడు వేళకు వచ్చేలా డిజైన్ మార్చారు. ఏడో ఫుట్‌నోట్ పోయింది. దాని చోట ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చాకే కొలవాలన్న లైను చేరింది. ఎవరు చెప్పారన్నది మాత్రం ఎక్కడా రాయలేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టబోతే తాళం పెన్ను రాయలేదు. జేబులో ఇంకా అదే ఉంది.

అదంతా తర్వాతి మాట. ఆ రాత్రి గడిచిన మర్నాడు పొద్దున భార్య మాట్లాడకుండానే క్యారేజీ సర్ది ఇచ్చింది. చాలా రోజుల తర్వాత అడుగు గిన్నె నిండుగా ఉంది.

ల్యాబ్ గేటు దగ్గర గార్డు మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. తాళం ముందుకు పోకుండా క్యారేజీని బల్ల మీద పెట్టాడు.

"వెతుకు."

"మీదా సార్?" గార్డు నోరు తెరిచాడు.

"ముందు నాదే. అడుగు తిప్పి మరీ చూడు."

గార్డు మొహమాటపడుతూ ఒక్కో మూతా తీశాడు. వెనకాల లైన్లో ఇంజనీర్లు గుసగుసలాడుతున్నారు.

"ఎంతసేపు వెతకమంటారు సార్?"

తాళం వాచీ చూసుకున్నాడు.

"ఇరవై నిమిషాలు" అన్నాడు. "అంతకన్నా తక్కువైతే వెతికినట్టే కాదు."